పిలకన్న సినిమా, పెంకుటింటి కప్పు

“నాంచారయ్యో! ఆదివారం మీ ఉస్తాద్ కప్పెక్కుతాడా, తాళంచెవి మాకిచ్చేస్తావా?”

ఆ కేక వీధి మొదట్లో పుట్టి, కిళ్ళీకొట్టు దాటి, మిఠాయికొట్టు దాటి, సాము నేర్పే తాలింఖానా అరుగు దాకా వచ్చింది. అరుగు మీద కూర్చుని సాము కర్రలకి నూనె రాస్తున్న నాంచారయ్య చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. తల ఎత్తలేదు.

కేక వేసినవాడు ఏసుపాదం. సైకిలు ఆపకుండానే వేసి పోయాడు. వాడి వెనకాల ఇంకో నాలుగు సైకిళ్ళు. అయిదుగురికీ ముందు తల నున్నగా గొరిగించి ఉంది, వెనక పిలకలు గాలికి ఎగురుతున్నాయి. ఆ అయిదు పిలకల్లో ఒకటి నాది. దాచుకోవడం దేనికి, ఊరంతా చూసిందే.

అసలు సంగతి చెప్తాను. మాది బందరు. ఆ ఏడు ఆషాఢంలో మా వీధి చివరి హాల్లో ఒక చైనా సినిమా పడింది. వారం ఆడితే గొప్పనుకున్నది అయిదో వారంలోకి వచ్చింది. తెర మీద మనుషులు చైనా వాళ్ళు, వాళ్ళ నోట్లోంచి వచ్చేది ఇంగ్లీషు. పెదాలు ఆగిపోయాక కూడా మాట వినపడుతూ ఉండేది. మాకు ఆ భాషా రాదు, ఈ భాషా రాదు. అందుకని ఎవడికి నచ్చిన మాట వాడు హీరో నోట్లో పెట్టుకున్నాం. ఒకే చోట హీరో పళ్ళు కొరికితే ఏసుపాదానికి అది శపథంలా వినపడేది, నాకు అన్నం అడిగినట్టు వినపడేది. ఇద్దరం కొట్టుకున్నంత పని చేసేవాళ్ళం.

హీరో పేరేమిటో ఎవరికీ తెలీదు. పోస్టరు మీద అక్షరాలు చూస్తే తేలు సిరాలో పడి లేచి పాకినట్టున్నాయి. ముందు తల గొరిగించుకుని వెనక పొడుగ్గా జడ వేసుకుంటాడు కనక మేము పిలకన్న అన్నాం. పిలకన్న అభిమాన సంఘం అని ఒకటి పెట్టాం. రోల్డుగోల్డు పనిలో ఉండే ఏసుపాదం దానికి అధ్యక్షుడు. రెండో వారం పోస్టరుకి బంతిపూల దండ వేశాం. మూడో వారం కొబ్బరికాయ కొట్టి తెర ముందు కర్పూరం వెలిగిస్తే, హాలు వాళ్ళు భయపడి రెండు బక్కెట్ల ఇసక తెచ్చి పెట్టారు. సినిమాలో పిలకన్న గురువు చచ్చిపోయేటప్పుడు బెంచీల్లో ఉన్నవాళ్ళం బావురుమనేవాళ్ళం. ఆ సీనులో ఎవడైనా సోడా తాగుతూ కనపడితే వాడు సంఘంలోంచి బయటికే.

అయిదుగురం మంగలి దగ్గరికి వెళ్ళి ఆ తల చేయించుకున్న రోజున మా అమ్మ గుండె పట్టుకుని ఎవరు పోయార్రా అని అడిగింది. మా బాబాయి మాత్రం, తిరపతి కొండకి సగమే మొక్కుకున్నావా అన్నాడు.

మాకు అన్నిటికంటే పిచ్చెక్కించింది ఒక్క సీను. పిలకన్న గురువు తెల్లగడ్డం ముసలాయన. పెంకుటింటి కప్పు మీద ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెడతాడు. అడుగు చప్పుడుండదు. వెనకాల నలభై మంది కత్తులు పట్టుకుని ఎక్కుతారు. అక్కడ పడుతుంది చూడండి యుద్ధం, పెంకులు చినుకుల్లా రాలతాయి. ఆ సీను వస్తే హాల్లో ఈలలకి చెవులు దిమ్మెక్కేవి.

ఇక దస్తగిరి ఉస్తాద్ సంగతి. సాము గరిడీలో ఆయన పేరు తెలీని వాళ్ళు బందర్లో లేరు. పీర్ల పండక్కి, దసరాకి ఆయన కర్ర తిప్పుతుంటే దాని చుట్టూ గాలి కనపడుతుందనేవారు. కానీ అప్పటికి ఆయనకి డెబ్బై దాటాయి. ఎడమ మోకాలు వంగేది కాదు. తాలింఖానాకి ఉన్నవి మూడు మెట్లు, అవి ఎక్కడానికి గోడ పట్టుకునేవాడు.

సినిమా రాకముందు ఆయన దగ్గర ముప్ఫై మందిమి ఉండేవాళ్ళం. కొత్తగా వచ్చినవాడిని మూడు నెలలు ఒంటికాలి మీద నిలబెట్టేవాడు. కర్ర ముట్టనిచ్చేవాడు కాదు. పిలకన్న చూస్తే రెండు నిమిషాల్లో అన్నీ నేర్చేసుకున్నాడు. దాంతో ఒకడి వెనక ఒకడు తాలింఖానా మానేశాం. మిగిలింది నాంచారయ్య ఒక్కడే. వాడు పదకొండేళ్ళుగా ఆయన శిష్యుడు. పగలు ఏసుపాదం పని చేసే చోటే గాజులకి మెరుగు పెడతాడు, పొద్దునా సాయంత్రం తాలింఖానా ఊడ్చి, మట్టి తడిపి, కర్ర తిప్పుకుంటాడు.

మంగళవారం సాయంత్రం మేము అటుగా వెళ్ళాం. నాంచారయ్య ఒక్కడే సాము చేసుకుంటున్నాడు. ఏసుపాదం అరుగు మీద కాలు పెట్టి, మీ ఉస్తాద్ ఊరేగింపులకే ఉస్తాద్ రా, ఆ చైనా ముసలాయన చేసిన దాంట్లో వీసమెత్తు చెయ్యగలడా అన్నాడు. మేమంతా నవ్వాం. నాంచారయ్యకి మొహం ఎర్రబడిపోయింది.

“చెయ్యగలడు. ఏ పెంకుటింటి కప్పైనా చూపించండి. మా ఉస్తాద్ ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తాడు. ఒక్క పెంకు పగలదు. ఆదివారం వచ్చి చూసుకోండి.”

ఏసుపాదం వెంటనే పందెం బిగించాడు. నడిస్తే మానేసినవాళ్ళం అందరం తాలింఖానాకి తిరిగొస్తాం, ఎన్నాళ్ళంటే అన్నాళ్ళు ఒంటికాలి మీద నిలబడతాం. నడవకపోతే తాలింఖానా తాళంచెవి సంఘానికి ఇచ్చెయ్యాలి, అక్కడ పిలకన్న బొమ్మ పెట్టుకుంటాం. కప్పు కూడా తనే ఎంచాడు, హాలు పక్కన మాణిక్యమ్మ గారి ఇల్లు.

మేము వెళ్ళిపోయాక నాంచారయ్య తన చేతి వంక చూసుకున్నాడట. చేతిలో కర్ర ఉంది.

అందులో సంగతేమిటో తెలియనివాళ్ళకి చెప్పాలి. మా తాలింఖానాలో ఒక కట్టుబాటు ఉండేది. ఉత్త చేతులతో ఎవడేమన్నా అది వాడి నోటి దురద. కర్ర చేతిలో ఉండగా శిష్యుడు ఒక మాట అంటే, అది ఉస్తాద్ అన్నట్టే. దాన్ని వెనక్కి తీసుకోవడం లేదు. ఉస్తాద్ తన గురువు దగ్గర నేర్చుకున్నది అదే, ఆయన గురువు తన గురువు దగ్గర నేర్చుకున్నదీ అదే.

నాంచారయ్యకి ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. ఇదంతా తర్వాత వాడే చెప్పాడు నాకు. ఉస్తాద్‌కి చెప్పకపోతే ఆదివారం ఊరి ముందు ఆయన పరువు పోతుంది, తాలింఖానా పోతుంది. చెప్తే ఆయన ఎక్కుతాడు. ఎక్కనంటాడని కాదు భయం, ఎక్కుతాడనే. ఆ మోకాలితో, వానకి నానిన కప్పు మీద. పడితే లేవడు.

బుధవారం చెబుదామని వెళ్ళి మట్టి తడిపి వచ్చేశాడు. గురువారం చెబుదామని వెళ్ళి ఉస్తాద్ కాలికి ఆవనూనె రాసి వచ్చేశాడు. రాస్తున్నంతసేపూ ఆ మోకాలు తన అరచేతిలో ఎండు కొబ్బరికాయలా గట్టిగా ఉందట. శుక్రవారం పనిలో గాజు అరగదీసి అరగదీసి లోపలి రాగి బయట పెట్టేశాడు. మేస్త్రీ తిట్టాడు. మధ్యాహ్నం బస్టాండుకి పోయి అవనిగడ్డ బస్సులో కూర్చున్నాడు. బస్సు కదిలేముందు దిగిపోయి వచ్చాడు. ఎటు పోయినా ఆదివారం వస్తుంది కదా.

శనివారం మధ్యాహ్నం ఇక ఆగలేక ఉస్తాద్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని మొత్తం చెప్పేశాడు. చెప్తూ ఏడ్చేశాడు. కర్ర చేతిలో ఉందన్న సంగతి కూడా దాచలేదు.

ఉస్తాద్ అప్పుడు లుంగీ అంచు కుట్టుకుంటున్నాడు. దారం పంటితో తెంపి, “ఎవరి ఇల్లు?” అన్నాడు.

మాణిక్యమ్మ గారిదని చెప్పాడు నాంచారయ్య.

“ఎన్నింటికి?”

“పదింటికి.”

ఉస్తాద్ ఆ లుంగీ మడత పెట్టాడు. తిడతాడేమో, కొడతాడేమో అని నాంచారయ్య కాచుకున్నాడు. కొట్టినా బాగుండేది. ఆయన చెప్పులు వేసుకుని, “పద, ఆ ముసలాయన్ని ఒకసారి చూసొద్దాం” అన్నాడు.

అలా ఇద్దరూ మొదటి ఆటకి వచ్చారు. ఉస్తాద్‌ని హాల్లో చూసేసరికి మా సంఘానికి పండగైపోయింది. ఆయన్ని బెంచీ మధ్యలో కూర్చోబెట్టాం. ఏసుపాదం పక్కన కూర్చుని ఎవడెవడో, ఎవడు ఎవణ్ణి ఎందుకు తంతున్నాడో చెప్తూనే ఉన్నాడు. కప్పు సీను వచ్చింది. ఈసారి ఎవరం తెర వంక చూడలేదు. అందరం ఉస్తాద్ మొహమే చూశాం. ముసలాయన పరిగెత్తాడు, నలభై మందీ ఎక్కారు, పెంకులు రాలాయి, వాసాలు విరిగాయి, చివరికి సగం ఇల్లు కూలింది. ఉస్తాద్ రెప్ప వెయ్యకుండా చూశాడు. పక్కన నాంచారయ్య మాత్రం కళ్ళు మూసుకున్నాడు.

ఆట వదిలాక ఏసుపాదం ఎదురుగా నిలబడి ఎలా ఉంది ఉస్తాద్ అని అడిగాడు.

“బాగుంది నాయనా” అన్నాడాయన. కాస్త ఆగి, “ఆ ఇంటివాళ్ళు ఎవరో పాపం” అన్నాడు.

ఏసుపాదానికి అర్థం కాలేదు. ఏ ఇంటివాళ్ళు అని అడిగాడు.

“ఆ కప్పు కింద ఉండేవాళ్ళు.”

నలభై రెండు సార్లు చూశాను నేను ఆ సినిమా. ఆ కప్పు కింద మనుషులుంటారని ఏనాడూ తట్టలేదు. అప్పుడు కూడా తట్టలేదు, ఇంటికి వెళ్ళేదాకా నవ్వుతూనే ఉన్నాం.

ఇప్పుడు మాణిక్యమ్మ గారి సంగతి చెప్పాలి. ఆవిడ పూటకూళ్ళావిడ. భర్త పోయాక హాలు పక్కన ఆ పొడుగు పెంకుటింట్లో భోజనాలు పెట్టి బతుకుతోంది. గాజుల పనివాళ్ళు, హాల్లో పనిచేసేవాళ్ళు, మా సంఘం అందరం అక్కడే తినేవాళ్ళం. గోంగూర పచ్చడి, కందిపొడి, ముద్దపప్పు, ఆవిడ చేతి రుచి మళ్ళీ తగల్లేదు నాకు. హాలు ప్రహరీ ఎక్కితే ఆవిడ చూరు అందుతుంది. కప్పు పాత గూనపెంకుల కప్పు, అచ్చం సినిమాలో ఇల్లు లాగే ఉంటుంది. మూడు వారాల నుంచీ ఆట వదలగానే ప్రహరీ మీంచి ఆ కప్పు మీదికి దూకి పిలకన్నలం అయిపోయేవాళ్ళం. ఆవిడ గరిటె పట్టుకుని పెరట్లోకి వచ్చి తిట్టేది. మేము అవతలి వైపు దూకి పారిపోయేవాళ్ళం. మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి ఆవిడ చేతి అన్నమే తినేవాళ్ళం. ఆవిడ పెట్టేది కూడా.

గురువారం నుంచి వానలు పట్టుకున్నాయి. శుక్రవారం నుంచి ఆవిడ పొయ్యి వెలగలేదు. భోజనాల్లేవంటే ఒంట్లో బాగోలేదేమో అనుకుని ఇంకో చోటికి పోయి తిన్నాం.

ఆదివారం మబ్బు కిందికి దిగి ఉంది. తొమ్మిదింటికే జనం చేరారు. గోడల మీద మనుషులు, రిక్షాల మీద మనుషులు. ఏసుపాదం డప్పుల వాళ్ళని పిలిపించాడు. పిలకన్న పోస్టరు ఒకటి నిచ్చెనకి కట్టాం. నాంచారయ్య మొహంలో నెత్తురు లేదు. వచ్చినవాళ్ళలో సగం మంది ఉస్తాద్ నడుస్తాడని, సగం మంది పడతాడని వచ్చారు. అందరూ నాంచారయ్య వంకే చూస్తున్నారు.

ఉస్తాద్ సరిగ్గా పదింటికి వచ్చాడు. చేతిలో కర్ర లేదు. మమ్మల్ని దాటి తిన్నగా మాణిక్యమ్మ గారి వంటింట్లోకి వెళ్ళాడు. ఏం చేస్తున్నాడో చూద్దామని కిటికీ దగ్గరికి ఎగబడ్డాం. లోపల గచ్చు మీద వరసగా గిన్నెలు పెట్టి ఉన్నాయి, బిందెలు, తపేలాలు, ఆఖరికి మరచెంబు కూడా. అన్నిట్లోనూ నీళ్ళు. పొయ్యి గుంటలో బూడిద ముద్దై తేలుతోంది. ఉస్తాద్ తలెత్తి కప్పులోంచి వెలుగు ఎక్కడెక్కడ పడుతోందో చూశాడు. ఒక్కో చోటా వేలు చూపిస్తూ లెక్క పెట్టుకున్నాడు. పెరట్లోకి వెళ్ళాడు. పెంకుటింటి వాళ్ళందరూ చేసినట్టే ఆవిడా గోడ వారన పాత పెంకులు పేర్చి పెట్టుకుంది. వాటిలో మంచివి ఏరి ఒక పక్కన పెట్టాడు. ఇంత బద్ధకంగా మొదలయ్యే యుద్ధం మేమెక్కడా చూడలేదు.

తర్వాత పైపంచె మోకాలికి బిగించి కట్టుకున్నాడు. నాంచారయ్య నిచ్చెన పట్టుకున్నాడు. కింది మెట్టు మీద కాలు వేసి అదిమాడు. ఉస్తాద్ బిస్మిల్లా అనుకుని ఎక్కాడు. కుడికాలు ముందు, ఎడమకాలు ఈడ్చుకుంటూ. డప్పులు మోగాయి. చూరు మీదికి చేరగానే ఈలలు.

ఆయన లేచి నిలబడలేదు. బోర్లా పడుకున్నాడు. బల్లిలా ఒంటిని కప్పుకి ఆనించి, చెయ్యి ముందుకి పెట్టి, పెంకు తట్టి, కింద వాసం ఉందని తెలిశాక అక్కడ బరువు వేసి, ఇంకో చెయ్యి. జానెడు పోవడానికి మేము పది అంకెలు లెక్క పెట్టాం. పగిలిన పెంకు తీసి, కింద చూడకుండా చెయ్యి వెనక్కి చాపాడు. నాంచారయ్య నిచ్చెన ఎక్కి ఒక మంచి పెంకు అందించాడు. ఉస్తాద్ దాన్ని ఆ సందులోకి జారవిడిచి, అరచేత్తో నొక్కి, ఇంకో జానెడు ముందుకి పాకాడు.

ఇది సాము కాదు మేస్త్రీ పనిరా అని ఎవడో అన్నాడు. ఎగురు ఉస్తాద్ అని ఇంకొకడు. డప్పుల వాళ్ళు కాసేపు వాయించి, దేనికి వాయిస్తున్నారో తెలీక ఆపేశారు. పదకొండున్నరకి హాల్లో ఆట గంట మోగింది. సగం మంది లేచి సినిమాకి పోయారు. మా సంఘం మాత్రం కదల్లేదు, పందెం తేలాలి కదా. నాంచారయ్య తల వంచుకుని, నిచ్చెన చూరు వెంట జరుపుకుంటూ పెంకులు అందిస్తున్నాడు. మా మాటలు ఒక్కొక్కటీ వాడి చెవిలో పడుతున్నాయి. వాడికి ఇప్పుడు రెండు భయాలు. పడతాడేమోనని ఒకటి, పడకుండానే నవ్వులపాలు అయిపోతున్నాడేమోనని ఒకటి.

ఉన్నట్టుండి పైనుంచి ఉస్తాద్ పిలిచాడు.

“ఏసుపాదం బాబూ, నువ్వు దూకింది ఎక్కడ?”

ఏసుపాదం తడబడి, నేనెక్కడ దూకాను అన్నాడు.

“వంటింటి మీద” అంది మాణిక్యమ్మ గారు కిటికీలోంచి. “రెండు కాళ్ళతోనూ.”

జనం నవ్వారు. ఏసుపాదం పిలక సవరించుకున్నాడు. ఉస్తాద్ నవ్వలేదు, కోప్పడలేదు. చెయ్యి చాపి అలాగే ఉన్నాడు. ఎక్కడో చెప్తే అక్కడికి వెళ్తానన్నట్టు. ఏసుపాదం నెమ్మదిగా వేలెత్తి చూపించాడు. ఉస్తాద్ అక్కడికి పాకి, మూడు పెంకులు తీసి, మూడు పెట్టాడు.

తర్వాత మా వాళ్ళలో ఒకడు, చూరు పక్కన ఇంకోటి ఉంది ఉస్తాద్, అది నేను, అన్నాడు. ఇంకొకడు పొగగూడు పక్కన అన్నాడు. ఆయన నా బొక్కని దాటి పోతుంటే చూడలేక, వెనక, మీ ఎడమ కాలి దగ్గర, అన్నాను. ఆయన వెనక్కి తిరగలేడు ఆ కాలితో. అంగుళం అంగుళం వెనక్కి పాకి దాన్ని సర్దాడు. నాకు ఆ పిలక పీకి పారెయ్యాలనిపించింది.

కప్పు రెండు వాలులూ కలిసే కొప్పు మీదికి వెళ్ళేసరికి ఆయన ఆగిపోయాడు. కొప్పుకి అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చున్నాడు. ఎడమకాలు బిగుసుకుపోయింది. మొహం మీద చెమట కారుతోంది. అప్పుడే మొదటి చినుకు పడింది. గూనపెంకు తడిస్తే ఎలా ఉంటుందో ఎక్కిన వాళ్ళకి తెలుసు, నాచు పట్టిన రాయి నయం.

నాంచారయ్య నిచ్చెన మీద నిలబడి అరిచాడు.

“ఉస్తాద్, దిగిపోండి. తాళంచెవి ఇచ్చేస్తాను. నేను ఓడిపోయానని అందరి ముందూ చెప్తాను. దిగండి మీరు.”

ఉస్తాద్ వాడి వంక చూశాడు.

“రెండు పెంకులు తీసుకుని రా” అన్నాడు.

నాంచారయ్య పెంకులు చంకలో పెట్టుకుని చూరు మీద కాలు మోపాడు. పదకొండేళ్ళు ఒంటికాలి మీద నిలబడ్డవాడు. మొదటి అడుగుకే ఫట్‌మని పగిలింది.

ఆ చప్పుడు వీధిలో అందరికీ వినపడింది. ఒక్క పెంకు పగలదు అన్నది వాడే. వాడు కాలు తీయలేక, ఉంచలేక అక్కడే బిగుసుకుపోయాడు. పగిలింది అని ఎవడో మెల్లిగా అన్నాడు. ఏసుపాదం నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

“దాన్నీ తీసి సర్దు” అన్నాడు ఉస్తాద్. “తర్వాత పడుకో. వాసం ఎక్కడుందో కాలిని అడుగు, కంటిని అడగొద్దు.”

నాంచారయ్య పగిలిన పెంకు తీశాడు. మంచిది పెట్టాడు. బోర్లా పడుకున్నాడు. ఆ తర్వాత వాడు ఎంతసేపు పాకాడో నాకు తెలీదు. మేమంతా వాడి కాలి వేళ్ళే చూస్తున్నాం. రెండో పెంకు పగల్లేదు. మూడోది పగల్లేదు. వాన చినుకుల మధ్య ఖాళీ తగ్గిపోతోంది. కొప్పు అవతల ఇంకా ఆరేడు బొక్కలున్నాయి, కింద వంటింట్లో గిన్నెల్లో టపటపా మొదలైంది. ఎవరు ముందు కదిలారో గుర్తు లేదు. పెరట్లోంచి నిచ్చెన దాకా వరసగా నిలబడిపోయాం. నిచ్చెన మూడో మెట్టు మీద ఏసుపాదం. చేతిలోంచి చేతిలోకి పెంకులు పోతున్నాయి. నిచ్చెనకి కట్టిన పోస్టరు తడిసి జారి వాడి భుజం మీద పడింది. వాడు దాన్ని ఊడదీసి పక్కన పెట్టి, ఇంకో పెంకు అందుకున్నాడు.

ఆఖరి పెంకు పడేసరికి వాన కుండపోత అయింది. ఉస్తాద్ నాంచారయ్య భుజం మీద చెయ్యి వేసి, కొప్పు వెంట కూర్చునే జరుగుతూ అవతలి చివరికి వెళ్ళాడు. నిచ్చెన అటువైపు మోసుకెళ్ళి పెట్టాం. నలుగురం కింద చేతులు చాపి నిలబడ్డాం. ఆయన పాదం నేల మీద ఆనేదాకా నాంచారయ్య ఆయన నడుం వదల్లేదు.

అందరం తడిసి ముద్దైపోయాం. ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళిన మాట నిజం. నడిచాడా అంటే నడవలేదు. పెంకు పగిలిందా అంటే పగిలింది. పగిలింది ఉస్తాద్ కాలి కిందా అంటే కాదు. పందెం ఎటు తేలిందో మాలో ఎవరికీ తెలీడం లేదు. నాంచారయ్యకి అసలు తెలీడం లేదు.

“ఉస్తాద్, మనం గెలిచినట్టా, ఓడినట్టా?”

ఉస్తాద్ మోకాలికి కట్టిన పైపంచె విప్పి నీళ్ళు పిండుకుంటున్నాడు.

“లోపలికెళ్ళి ఎక్కడైనా కారుతోందేమో చూడు” అన్నాడు.

నాంచారయ్య వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. ఏమైందోనని నేను గుమ్మం దాకా వెళ్ళి చూశాను. పగలే అయినా లోపల చీకటిగా ఉంది, కప్పులోంచి ఒక్క చుక్క వెలుగు కూడా పడడం లేదు. వాడు వంటింటి మధ్య తలెత్తి నిలబడ్డాడు. మొహం చాపి, చుక్క ఏదైనా పడుతుందేమోనని. పైన వాన హోరు. మొహం మీద ఏమీ పడలేదు. పక్కన మాణిక్యమ్మ గారు గచ్చు మీద గిన్నెలు ఒక్కొక్కటీ ఎత్తి నీళ్ళు పారబోస్తోంది. వాడు కూడా వంగి ఆవిడతో పాటు ఎత్తడం మొదలుపెట్టాడు.

వాడు బయటికి వచ్చాక పందెం సంగతి మళ్ళీ ఎత్తలేదు. తాళంచెవి మేమూ అడగలేదు.

ఆవిడ పొయ్యి గుంట ఎత్తిపోసి, అటక మీంచి ఎండు పుల్లలు తీసి అంటించింది. పొగ వచ్చింది, తర్వాత మంట వచ్చింది. ఎసరు పెట్టి, ఎవరూ కదలొద్దని చెప్పింది. ఏసుపాదం ఉల్లిపాయలు తరిగాడు. నేను నీళ్ళు తోడాను. నాంచారయ్య ఆకులు కడిగి వరసగా వేశాడు. హాల్లో ఆట వదిలింది. కప్పు సీను మళ్ళీ చూసొచ్చిన వాళ్ళు వానకి తలదాచుకోవడానికి మా చూరు కిందికి వచ్చి, లోపల పప్పు వాసనకి అక్కడే నిలబడిపోయారు. వాళ్ళకీ ఆకులు వేశాం.

ఉస్తాద్ గోడవారగా చాప మీద కాలు చాపుకుని ఉండిపోయాడు. తర్వాత తింటాలే, వాళ్ళకి పెట్టమ్మా అన్నాడు. మాణిక్యమ్మ గారు అన్నం గిన్నె పట్టుకుని కదలకుండా నిలబడింది.

“మీరు కూర్చుంటేనే గరిటె లేస్తుంది ఉస్తాద్ గారూ” అంది.

ఆయన లేవలేకపోతే వరసే అటు జరిగింది. ఆకులు పట్టుకుని అందరం ఆయన చాప దాకా జరిగి కూర్చున్నాం, నాంచారయ్య ఒక పక్క, ఏసుపాదం ఒక పక్క. ఆవిడ వడ్డించింది. తిన్నాం.